విమానం నడిపే చేతివాటం తగ్గిపోతోందా?

సరిహద్దు తెలుగువారి చర్చా వేదిక – చదువులు, కొలువులు

జయపురం నాన్న (జయపురం, ఒడిశా) – శనివారం, రాత్రి 10.20

కొట్టు కట్టేసి వచ్చి రాస్తున్నాను. పొడవైతే ఓపిక పట్టండి.

మా అమ్మాయి ప్లస్ టూ రెండో ఏడు. పైలట్ అవుతానంటోంది. ఆ చదువు వివరాలు కనుక్కుందామని పోయిన నెల ఇద్దరం హైదరాబాదు వెళ్లాం. జయపురం నుంచి విశాఖకు 2022లో మొదలైన తొమ్మిది సీట్ల చిన్న విమానం ఉంది కదా, అందులో వెళ్లాం. ఘాట్ రోడ్డులో కడుపు పట్టుకుని ఆరేడు గంటలు కూర్చునే దారి అది. మాకు పైలట్ల వెనక సీట్లే దొరికాయి. కొండల మీదికి వచ్చేసరికి విమానం ఊగడం మొదలుపెట్టింది. నేను దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చున్నాను. అమ్మాయి మాత్రం పైలట్ చేతినే చూస్తోంది. ఆ చెయ్యి ఒక్క క్షణం ఊరుకోలేదు. పాలు పొంగే వేళ గరిటె తిప్పే చెయ్యి ఎలా ఉంటుందో అలా, ఇటు కాస్త, అటు కాస్త.

విశాఖలో పెద్ద విమానం ఎక్కాం. పక్క సీటులో ఒక పెద్దమనిషి. అమ్మాయి ఆశ సంగతి విని నవ్వాడు. "దీన్ని కంప్యూటరే నడుపుతుందమ్మా. పైకి లేవగానే బటన్ నొక్కి పైలట్లు కాఫీ తాగుతారు. ఇప్పటి వాళ్లకు చేత్తో నడపడం మరపు కూడా వచ్చేసింది" అన్నాడు. అమ్మాయి ఆ తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. రాత్రి బసలో అడిగింది: "నడిపేది అదే అయితే నేనెందుకు నాన్నా?"

నాకు జవాబు తెలియలేదు. ఆయన చెప్పింది నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

నిర్వాహకుడు – శనివారం, రాత్రి 10.48

చర్చ బాగుంది. శీర్షికలో "చేతివాటం" అన్నారు. మా వైపు గల్లాపెట్టె దగ్గర కుర్రాడికి చేతివాటం ఉందంటే మర్నాటి నుంచి వాడు పనిలో ఉండడు. మార్చమంటారా?

జయపురం నాన్న – శనివారం, రాత్రి 10.55

అయ్యో, కొట్టు నడిపేవాణ్ణి అయ్యుండి ఆ అర్థమే తట్టలేదు. ఉండనివ్వండి, దాని కోసమైనా నలుగురు తెరిచి చదువుతారు.

సుంకి మలుపు (సాలూరు, పొట్టంగి మధ్య ఎక్కడో ఒకచోట) – ఆదివారం, ఉదయం 5.40

విమానాల సంగతి నాకు తెలియదు. లారీ మీద ఇరవై రెండేళ్లు. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్క లేదు. "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు" అని మొదటి రోజు మా గురువు చెప్పాడు. బరువును ఇంజనే పట్టుకోవాలి, బ్రేకు అవసరానికి మాత్రమే.

ఇప్పుడు ఆటోమేటిక్ గేరు కార్లు వస్తున్నాయి. పైనుంచి కిందిదాకా బ్రేకు మీద కాలు పెట్టే దిగుతారు. మలుపు దగ్గర ఆపి ఉంటారు, చక్రాల్లోంచి పొగ, కాలిన వాసన. మొన్న ఒక కుర్రాణ్ణి అడిగాను, గేరు తగ్గించలేదేమి బాబూ అని. "అది బండే చూసుకుంటుంది కదండీ" అన్నాడు. నేనే తలుపు తీసి చూపించాను, అతని బండిలోనూ గేరు తగ్గించుకునే మీట ఉంది. కారు కొని రెండేళ్లయిందట. ఆ మీట ఎందుకుందో అతనికి తెలియదు.

పై విమానాల్లో కూడా ఇదే జరుగుతోందేమో.

లెక్కల మాస్టారు (గుణుపురం) – ఆదివారం, ఉదయం 9.15

పాతకాలపు చేతి పనితనం మీద మనకు మోజు ఎక్కువ. రోలు పోయి మిక్సీ వచ్చినప్పుడూ ఇవే మాటలు విన్నాను. పచ్చడి రుచి సంగతి ఒప్పుకుంటాను గానీ, విమానంలో అడగవలసింది రుచి కాదు, ప్రాణాలు మిగులుతున్నాయా అని.

మిగులుతున్నాయి. 2017లో ప్రపంచం మొత్తం మీద ప్రయాణికుల జెట్ సర్వీసుల్లో ప్రమాదం వల్ల ఒక్క ప్రాణం పోలేదు. నేల దగ్గర పడుతోందని కేకలు వేసే యంత్రాలు వచ్చాక మబ్బుల్లో కొండను గుద్దుకునే ప్రమాదాలు బాగా తగ్గాయి. ఢిల్లీలో పొగమంచు కమ్మి రన్‌వే మీద యాభై మీటర్లకు మించి కనిపించనప్పుడు దిగేది ఆటోపైలట్ దింపితేనే. అక్కడ ఎంత నేర్పరి అయినా చేత్తో దింపడానికి అనుమతి లేదు.

1914లోనే పారిస్‌లో లారెన్స్ స్పెర్రీ అనే కుర్రాడు చేతులు రెండూ పైకెత్తి జనం మీదుగా విమానం పోనిచ్చాడు. తోడు వచ్చిన మెకానిక్ రెక్క మీద నిలబడ్డాడు. విమానం దానంతట అదే సర్దుకుంది. విమానం పుట్టిన పదకొండేళ్లకే ఆటోపైలట్ పుట్టింది. ఇది కొత్తగా వచ్చిన ముప్పు కాదు.

పర్లాకిమిడి పక్షి (ఊరు పర్లాకిమిడి, కొలువు ఎయిర్‌బస్ 320 కుడి సీటులో, అంటే కో పైలట్) – ఆదివారం, మధ్యాహ్నం 2.05

సెలవు రోజు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. అన్నగారూ, మీ పక్క సీటాయన చెప్పినదాంట్లో కాఫీ పూర్తిగా నిజం. మిగతాది సగం.

పైకి లేవడం చేతి పనే. దిగడం కూడా చాలావరకు చేతి పనే. మధ్యలో ఆటోపైలట్. నా మటుకు నాకు ఒక ప్రయాణంలో విమానాన్ని తిప్పే కర్ర చేతిలో ఉండేది మొత్తం కలిపి ఐదారు నిమిషాలు. దానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు. 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య విమానాలను వెయ్యి అడుగుల ఎడంతో ఒకదాని మీద ఒకటి నడుపుతారు. అంత దగ్గరగా పోవాలంటే ఎత్తును యంత్రమే పట్టి ఉంచాలని నిబంధన. అంటే పైన ఉన్నంతసేపు "ఇవాళ నేనే నడుపుతాను" అనే వీలు లేదు. మిగిలేది ఎక్కేటప్పుడు కొంత, దిగేటప్పుడు కొంత. అక్కడేమో రేడియోలో మాటలు, చుట్టూ ఇతర విమానాలు, పక్కన ఉన్న కెప్టెన్ ముఖం.

ఆ కెప్టెన్ ముఖం సంగతి కాస్త చెప్పాలి. ఒకసారి ఆకాశం తేటగా ఉంది, గాలి లేదు, దారిలో ఇంకో విమానం లేదు. "సార్, ఆటోపైలట్ తీసేసి పదివేల అడుగుల నుంచి నేనే తీసుకువస్తాను" అన్నాను. ఆయన ఒక నిమిషం ఆలోచించి, "ఎందుకయ్యా లేనిపోనిది" అన్నారు. చెడ్డమనిషి కాదు. విమానం దిగాక అందులోని రికార్డు అంతా ఆఫీసులో ఒకరు చూస్తారు. వేగం కాస్త అటూ ఇటూ అయితే ఫోను వస్తుంది. యంత్రం నడిపితే ఆ ఫోను రాదు. రెండు నెలలు అలా అలవాటైతే మూడో నెలలో మనమే అడగడం మానేస్తాం.

ఇంకో చిన్న సంగతి. ఎయిర్‌బస్‌లో చేత్తో నడిపినా మధ్యలో కంప్యూటర్లు ఉంటాయి. నా చెయ్యి చెప్పేది "ఇంత వంగు" అని మాత్రమే. రెక్కల మీద ఏది ఎంత కదలాలో అవి నిర్ణయిస్తాయి. అన్నీ బాగున్నంతవరకు నేను కర్రను ఎంత లాగినా విమానం పట్టు తప్పనివ్వవు. అన్నీ బాగోనప్పుడే చిక్కు.

మీరు ఎక్కిన చిన్న విమానం తరహాలో కూడా ఆటోపైలట్ ఉంటుంది. ఆ రోజు ఆయన చేత్తో నడపాలనుకున్నాడు, అంతే. అమ్మాయి చూసింది అదే.

రాయగడ రైలు (రాయగడ) – ఆదివారం, సాయంత్రం 4.30

మా ఇంజన్లలోనూ ఇలాంటి మాటలే నడుస్తున్నాయి కాబట్టి అడుగుతున్నాను పక్షిగారూ. "అన్నీ బాగోనప్పుడే చిక్కు" అన్నారు. నిజంగా అలా జరిగి, విచారణలో తేలినది ఒకటి చెప్పండి.

పర్లాకిమిడి పక్షి – ఆదివారం, రాత్రి 8.10

ఒకటి చెబుతాను. మా శిక్షణలో దీన్ని తప్పించుకుని ఎవరూ బయటికి రారు.

2009 జూన్ 1. రియో డి జనీరో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447. ఎయిర్‌బస్ 330, లోపల 228 మంది. అట్లాంటిక్ మధ్యలో చీకటి, 35,000 అడుగుల ఎత్తు. కెప్టెన్ విశ్రాంతికి వెనక్కి వెళ్లాడు. మేఘాల్లోని మంచు పలుకులు పిటో గొట్టాల్లో అడ్డుపడ్డాయి. వేగం కొలిచేది ఆ గొట్టాలే. వేగం ఎంతో తెలియకపోయేసరికి ఆటోపైలట్ తప్పుకుంది. గ్రీనిచ్ సమయం ప్రకారం అర్ధరాత్రి దాటి 2 గంటల 10 నిమిషాల 5 సెకన్లు.

గొట్టాలు నిమిషంలోపే తేరుకున్నాయి. ఆ నిమిషం విమానం ముక్కును ఉన్నచోటే ఉంచి, ఇంజన్ల శక్తిని ఉన్నంతే ఉంచి కూర్చుంటే సరిపోయేది. కుడి సీటులోని కో పైలట్ కర్రను వెనక్కి లాగాడు. విమానం దాదాపు 38,000 అడుగులకు ఎగబాకి వేగం కోల్పోయింది. రెక్కల మీద గాలి పట్టు తప్పింది. దాన్నే స్టాల్ అంటారు. దానికి మందు ఒకటే, ముక్కు కిందికి దించడం. ఫ్లయింగ్ స్కూలులో మొదటి నెలలోనే నేర్పుతారు. అతను లాగుతూనే ఉన్నాడు. "స్టాల్, స్టాల్" అనే హెచ్చరిక మొత్తం 75 సార్లు మోగింది.

ఇందులో నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది ఒకటుంది. వేగం మరీ పడిపోయి 60 నాట్ల (గంటకు దాదాపు 110 కిలోమీటర్ల) కిందికి వచ్చేసరికి కంప్యూటర్లు ఆ అంకెలను నమ్మడం మానేశాయి. హెచ్చరిక ఆగిపోయింది. ఎప్పుడైనా ముక్కు కాస్త దించితే అంకెలు మళ్లీ నమ్మదగ్గవై హెచ్చరిక మొదలయ్యేది. అంటే సరైన పని చేస్తే కేకలు, తప్పు పని చేస్తే నిశ్శబ్దం. పైగా ఎయిర్‌బస్‌లో రెండు కర్రలకూ లంకె లేదు. ఒకరు లాగుతున్నది పక్కవారి చేతికి తెలియదు. కెప్టెన్ పరుగున వచ్చాడు గానీ వచ్చేసరికి ఆయనకు కనిపించింది గందరగోళం మాత్రమే. ఆటోపైలట్ తప్పుకున్న నాలుగు నిమిషాల 23 సెకన్లకు విమానం సముద్రంలో పడింది. ఎవరూ మిగలలేదు.

అంత ఎత్తులో, వేగం తెలియని స్థితిలో చేత్తో నడపడం మీద ఆ పైలట్లకు శిక్షణ లేదని 2012 నాటి ఫ్రెంచి విచారణ నివేదికలో ఉంది.

సుంకి మలుపు – ఆదివారం, రాత్రి 9.00

చదివి బండి పక్కకు ఆపాను. తప్పు చేస్తే నిశ్శబ్దం అన్నారే, అది మనిషిని చంపేసే మాట.

బరంపురం లక్ష్మి (బరంపురం, స్టాఫ్ నర్సు) – సోమవారం, ఉదయం 7.20

రాత్రి డ్యూటీ దిగి చదివాను. ఐసీయూలో పడక పడకకూ మానిటర్, అన్నీ ఏదో ఒకటి కూస్తూనే ఉంటాయి. కొత్తగా వచ్చిన పిల్లలు కూత వినగానే తెర వైపు చూస్తారు. మా సిస్టర్ ఒకావిడ మెత్తగా చెయ్యి పట్టుకుని రోగి వైపు తిప్పేది. వేలికి పెట్టిన క్లిప్పు జారినా అంకె పడిపోతుంది, ప్రాణం జారినా పడిపోతుంది. ఏది జారిందో తెర చెప్పదు.

పక్షి బాబూ, 2010లో మంగళూరు ప్రమాదం కూడా ఇలాంటిదేనా? అప్పట్లో పేపర్లలో పైలట్ తప్పు అని రాశారు.

పర్లాకిమిడి పక్షి – సోమవారం, మధ్యాహ్నం 1.15

కాదక్కా. మే 22న జరిగిన ఆ ప్రమాదంలో 158 మంది పోయారు, ఎనిమిది మంది బయటపడ్డారు. కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడని, ఉండవలసినదానికన్నా బాగా ఎత్తులో రన్‌వే మీదికి వచ్చాడని, మళ్లీ పైకి లేపుదామని కో పైలట్ చెప్పినా దింపేశాడని విచారణలో తేలింది. అక్కడ లోపం నేర్పులో కాదు, వద్దనుకోలేకపోవడంలో. ప్రతి ప్రమాదాన్నీ తెచ్చి ఈ బుట్టలో వేయకూడదు.

ఈ బుట్టలో నిజంగా పడేది 2013 జూలై 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏషియానా 214 విమానం. పట్టపగలు, తేట ఆకాశం, బోయింగ్ 777. దిగే వాలును చూపించే రేడియో కిరణం ఆ రోజు పనిచేయడం లేదు, కళ్లతో చూసుకుంటూ దిగాలి. వేగాన్ని ఆటో థ్రాటిల్, అంటే ఇంజన్ల శక్తిని దానంతట అదే సర్దే యంత్రం, చూసుకుంటుందనుకున్నారు. వాళ్లు అంతకు ముందు నొక్కిన మీటల వల్ల అది చేతులు ముడుచుకు కూర్చుని ఉంది. 137 నాట్లు ఉండవలసిన వేగం 103కు పడిపోయింది. తోక సముద్రపు గట్టుకు తగిలింది. ముగ్గురు పోయారు. ముగ్గురు పైలట్లు ముందు కూర్చుని ఉండగా వేగం అంకె చూసినవారు సమయానికి లేరు.

నిర్వాహకుడు – సోమవారం, మధ్యాహ్నం 1.40

జయపురంలో పెద్ద విమానాలు ఎప్పుడు దిగుతాయి, రన్‌వే ఎప్పుడు పొడిగిస్తారు అని వచ్చిన పదకొండు సందేశాలను "మన ఊళ్లు" విభాగానికి పంపాను. అక్కడ పోట్లాడుకోండి.

టర్బైన్ తాత (కొరాపుట్) – సోమవారం, రాత్రి 8.35

మనవడు టైపు చేస్తున్నాడు, నేను చెబుతున్నాను. తప్పులు వాడివి.

1955లో మాచ్‌ఖండ్‌లో కరెంటు పుట్టించే మొదటి యూనిట్లు తిరిగినప్పుడు మా నాన్న అక్కడ కొలువులో చేరాడు. డుడుమా జలపాతం హోరు వింటూ పెరిగాను. నేను పనిచేసింది వేరే జల విద్యుత్ కేంద్రంలో. పేరు అడగవద్దు, అక్కడ ఇంకా నా శిష్యులున్నారు.

యూనిట్‌ను గ్రిడ్‌తో, అంటే ఊళ్లకు కరెంటు మోసే తీగల వలతో, కలపడం అనేది ఒక ఘట్టం. ముందు గోడ గడియారం లాంటి డయల్ ఉంటుంది. ఒకటే ముల్లు. మన యంత్రం గ్రిడ్ కన్నా జోరుగా తిరుగుతుంటే ముల్లు గడియారం తిరిగే వైపు తిరుగుతుంది, మందంగా ఉంటే వెనక్కి. నీళ్లు కొంచెం పెంచి, కొంచెం తగ్గించి, ముల్లు ముందు వైపే తిరిగేట్టు, అదీ చాలా నిదానంగా తిరిగేట్టు చేసుకోవాలి. అప్పుడు పన్నెండు దగ్గరికి వస్తుండగా, పన్నెండుకు వెంట్రుకవాసి ముందే స్విచ్ తిప్పాలి. ఆ రెంటినీ కలిపే బ్రేకర్ మూసుకోవడానికి కన్నుమూసి తెరిచేంత సమయం పడుతుంది కదా, ఆ ఆలస్యాన్ని ముందే ఇచ్చేయాలన్నమాట. సరిగ్గా పడితే ఏ చప్పుడూ ఉండదు. ముల్లు పన్నెండు మీద మేకు కొట్టినట్టు ఆగిపోతుంది. తప్పు చోట తిప్పితే కాళ్ల కింద నేల అదురుతుంది, షాఫ్టు మూలుగుతుంది. ఆ మూలుగు నేను ఒక్కసారే విన్నాను. చాలు.

తర్వాత ఆ పని చేసే పెట్టె వచ్చింది. మా అందరికన్నా బాగా చేసేది, అబద్ధం చెప్పకూడదు. కొత్త ఇంజనీర్లు మీట నొక్కి నిలబడేవారు. కొన్నేళ్లు గడిచాయి. ఒక వాన రాత్రి పెట్టె పాడైంది. డ్యూటీలో ఉన్న కుర్రాడు చదువులో బంగారు పతకం తెచ్చుకున్నవాడు, ఆ ముల్లు వెనక ఉన్న లెక్కంతా నాకు పాఠం చెప్పగలడు. డయల్ ముందు నిలబడి స్విచ్ మీద చెయ్యి వేశాడు. చెయ్యి వణకలేదు సుమా. నా వైపు తిరిగి, "ముల్లు ఎటు తిరుగుతుంటే కలపాలి సార్?" అని అడిగాడు.

మర్నాడు ఆఫీసులో పోట్లాడి ఒక పద్ధతి పెట్టించాను. నెలకోసారి, గ్రిడ్ నిదానంగా ఉన్న రోజు చూసి, పెట్టెను ఆపేసి ఒక యూనిట్‌ను చేత్తో కలపాలి. ప్రతి ఒక్కరికీ వంతు వస్తుంది. పై అధికారికి నచ్చలేదు. "బాగున్నదాన్ని ఎందుకు కదుపుతారు" అన్నాడు. నేను రిటైరయ్యేదాకా మాత్రం నడిచింది.

పర్లాకిమిడి పక్షి – సోమవారం, రాత్రి 9.20

తాతగారికి నమస్కారం. మీరు పెట్టించిన పద్ధతినే అమెరికా విమానయాన శాఖ 2013 జనవరిలో సంస్థలకు చెప్పింది. వాతావరణం, రద్దీ అనుకూలంగా ఉన్నప్పుడు పైలట్ల చేత చేత్తో నడిపించండి, దాన్ని మీ విధానంలో రాసుకోండి అని. అది సలహా మాత్రమే. తర్వాత సిమ్యులేటర్లో, అంటే నేల మీది నమూనా విమానంలో, నిజమైన స్టాల్‌లోకి తీసుకెళ్లి బయటపడడం నేర్పాలని అక్కడ తప్పనిసరి చేశారు. అంతకు ముందు స్టాల్ అంచుదాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చేవారు. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్ పరీక్ష మాకూ ఉంటుంది. కానీ పరీక్షలో ఏ ఇంజన్ ఎప్పుడు పోతుందో సగం ముందే ఊహిస్తాం. వాన రాత్రి అలా కబురు పెట్టి రాదు.

లెక్కల మాస్టారు – మంగళవారం, ఉదయం 8.00

రాత్రంతా వెతికి చదివాను. నేను కొంత వెనక్కి తగ్గాలి, మీరూ కొంత తగ్గాలి.

2014లో నాసా పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. పదహారు మంది విమానయాన పైలట్లను బోయింగ్ 747-400 సిమ్యులేటర్లో కూర్చోబెట్టి ఆటోమేషన్‌ను ఒక్కో పొర తీసేస్తూ పోయారు. నేను అనుకున్నది, చేతులు తుప్పు పట్టి ఉంటాయని. పట్టలేదు. ముళ్లు చూడడం, కర్ర కదపడం, చాలాకాలంగా చేయనివాళ్లు కూడా బాగానే చేశారు. సైకిల్ లాగా. తడబడ్డది వేరే చోట. తెర మీద పటం లేకుండా ఇప్పుడు ఎక్కడున్నాం, తర్వాత మలుపు ఎప్పుడు, ఈ మీటరు చెబుతున్నది నిజమా అబద్ధమా అనే చోట.

తాతగారి కుర్రాడి చెయ్యి వణకలేదు, ముల్లు ఎటు తిరగాలో తెలియలేదు. లారీ అన్న చూసిన కుర్రాడికి కాలు బాగానే ఉంది, మీట ఎందుకుందో తెలియదు. కాబట్టి నిర్వాహకుడిగారూ, శీర్షిక మార్చాల్సిందే. పోతున్నది చేతివాటం కాదు, తలవాటం.

సుంకి మలుపు – మంగళవారం, ఉదయం 8.25

మాస్టారూ, మీరు మాటలు కూడా పుట్టిస్తారా? ఒకటి మాత్రం ఒప్పుకోను. చెయ్యి వేరు, తల వేరు అని విడదీయడం కుర్చీలో కూర్చున్నవాళ్లకు కుదురుతుంది. ఘాట్ దిగేటప్పుడు నాకు వేగం తెలిసేది మీటరు చూసి కాదు, ఇంజను మోత విని, సీటు కింద బరువు తోసే తీరును బట్టి. ఆ తెలివి తలలో ఉందో నడుములో ఉందో నేను చెప్పలేను. నడపనివాడికి మాత్రం రాదు.

పర్లాకిమిడి పక్షి – మంగళవారం, ఉదయం 11.10

ఇద్దరూ సరే. చేత్తో నడిపినప్పుడు తల ఊరుకోదు, అందుకే చేత్తో నడపమనేది. యంత్రం నడుపుతున్నప్పుడు చూస్తూ కూర్చోవడం మనిషికి చేతకాని పని. పది నిమిషాలు చూస్తాం, పదకొండో నిమిషంలో ఇంటి అద్దె గుర్తుకొస్తుంది.

జయపురం అన్నగారూ, అమ్మాయికి నా మాటగా చెప్పండి. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు కనీసం 200 గంటలు ఎగరాలి. ఆ 200 గంటలు చిన్న విమానాల్లో చేతి మీద గడుస్తాయి. వాటిని లైసెన్సు కోసం కట్టే సుంకంలా చూడవద్దు. తర్వాత ముప్పై ఏళ్ల కొలువు ఆ ఖాతాలోంచే తీసి వాడుకోవాలి.

ఈలోగా తలకు పని కావాలంటే ఒక ఆట నేర్పుతాను. విమానం ఎప్పుడు దిగడం మొదలుపెట్టాలో లెక్కకట్టే ఆట. ఎత్తును వేల అడుగుల్లో తీసుకుని మూడుతో హెచ్చించాలి. వచ్చేది నాటికల్ మైళ్లలో దూరం. 35,000 అడుగుల మీద ఉంటే 105 మైళ్లు, అంటే దాదాపు 195 కిలోమీటర్లు. వేగం తగ్గించుకోవడానికి పైన ఓ పది మైళ్లు కలుపుకుంటాం. కంప్యూటర్ ఈ చోటును తెర మీద చిన్న బాణంతో చూపిస్తుంది. నేను మాత్రం బాణం చూడకముందే నా అంకె వేసుకుంటాను. రెండూ కలవని రోజున ఎవరు తప్పో వెతుకుతాను. ఎక్కువసార్లు నేనే. రెండుసార్లు మాత్రం దారిని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు మేము చేసిన పొరపాటు అలా దొరికింది.

టర్బైన్ తాత – మంగళవారం, రాత్రి 7.50

ఈ కుర్రాడు బాగుపడతాడు. (మనవడు: తాతయ్య ఇలా ఎవరినీ అనరు. నన్ను అసలే అనరు.)

జయపురం నాన్న – మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10.05

అందరికీ నమస్కారం. ఈ చర్చంతా అమ్మాయి రెండుసార్లు చదివింది. వైద్య పరీక్షల కోసం మళ్లీ హైదరాబాదు వెళ్లి నిన్న తిరిగి వచ్చాం.

వచ్చేటప్పుడు కిటికీ సీటు పట్టింది. ముందు రోజు రాత్రే స్కేలు పెట్టి పటం మీద గీత గీసుకుంది. మైకులో కెప్టెన్ 35,000 అడుగులు అనగానే కాగితం మీద లెక్క వేసింది. పక్షిగారు చెప్పిన పది మైళ్లు కలిపి విశాఖకు 115 మైళ్లు, 213 కిలోమీటర్లు. గీత గోదావరిని దాటే చోటు పాపికొండల పైన, విశాఖకు 209 కిలోమీటర్లని ఆమె స్కేలు చెప్పింది. "నది మన కిందికి వచ్చేసరికి ఇంజన్ల మోత తగ్గాలి నాన్నా" అని కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంది.

నది ఇంకా ముందుంది. దూరంగా, ఎండకు తగరపు రేకులా మెరుస్తోంది. అప్పుడే మోత సన్నబడింది, ముక్కు కాస్త కిందికి వాలింది. నాకు అది ఘనవిజయంలాగే కనిపించింది. ఆమె ముఖం మాత్రం ముడుచుకుపోయింది. "ముందే తగ్గించారు. నా లెక్క తప్పా, వాళ్లది తప్పా?" అని విశాఖలో సామాన్లు వచ్చేదాకా అదే గొడవ. ఇప్పుడు పక్కనే నిలబడి మిమ్మల్ని అడగమంటోంది.

పర్లాకిమిడి పక్షి – ఆదివారం, రాత్రి 10.40

రెండు లెక్కలూ సరైనవే కావచ్చు. ఆ రోజు పైన గాలి ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు వీస్తోందో అమ్మాయిని కనుక్కోమనండి. ఇంతకు మించి నేను చెప్పను.